"ఏమీ జరగదు" అని రాసే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన రెండు రివ్యూలూ చదివాను. మెరుపు వేగంతో గిటార్లు హోరెత్తించే థ్రాష్ మెటల్ ఆల్బమ్ మీద రాసింది చురుగ్గా ఉంది. దాదాపు పాటా తాళం లేకుండా గంభీరమైన శబ్దాలతోనే నడిచే డార్క్ యాంబియెంట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "యాభై నిమిషాలు ఏమీ జరగదు" అని తేల్చేసి, పదికి మూడు మార్కులు వేశావు. అది చూసి నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ అచ్చం ఇదే వాక్యం రాశాను మరి.

అప్పట్లో అన్నీ ల్యాప్‌టాప్ స్పీకర్లలోనే వినేవాణ్ణి. ఒకే శ్రుతిని చాలాసేపు సాగదీసే ఒక డ్రోన్ ఆల్బమ్‌ను అలాగే విని, సన్నగా గాలి వీచినట్టుంది తప్ప ఇందులో సరుకు లేదని రాసేశాను. కొన్ని నెలల తర్వాత ఒక మిత్రుడి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వింటే గుండె ఝల్లుమంది. ఆ గాలి కింద మొదటినుంచి చివరిదాకా ఒక మోత నడుస్తోంది. మెల్లగా దగ్గరికొస్తుంది, మెల్లగా దూరమవుతుంది. ఆల్బమంతా అదే! మామూలు ల్యాప్‌టాప్ స్పీకర్లు 150 హెర్ట్జ్ కంటే కిందుండే మంద్ర శబ్దాల్ని పెద్దగా పలికించవు. ఈ సంగీతంలో చాలా భాగం నడిచేది అంతకంటే కిందే. ఆ రివ్యూ ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తుంది.

అందుకే దేంతో వింటున్నావో ముందు చూసుకో. ఖరీదైనవే అక్కర్లేదు, కింది స్వరాలు పలికే హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు. ఫైలు కూడా చూసుకో. బాగా కుదించేసిన తక్కువ బిట్‌రేట్ ఎంపీ3లో థ్రాష్ వింటే డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి తాళాలు (సింబల్స్) నీళ్లలో తడిసినట్టు బుస్సుమంటాయి. ఆ తప్పు డ్రమ్మర్ ఖాతాలో వేయకూడదు కదా.

ఇక డార్క్ యాంబియెంట్. దీన్ని కథలాగా వినకు, ఒక చోటికి వెళ్లినట్టు విను. లస్ట్‌మోర్డ్ పేరుతో రికార్డు చేసే బ్రయన్ విలియమ్స్ 1990లో తెచ్చిన 'హెరెసీ' కోసం గుహల్లో, గనుల్లో, నేలమాళిగల్లో రికార్డు చేసిన శబ్దాలు వాడాడు. అక్కడ ప్రతిధ్వని అలంకారం కాదు, ఆ చోటు కొలత. కాబట్టి వింటున్నప్పుడు చిన్న చిన్న ప్రశ్నలు వేసుకో. ఈ గది ఎంత పెద్దది? గోడలు రాతివా, ఇనుపవా? నేను మధ్యలో ఉన్నానా, బయట నిలబడి లోపలికి చూస్తున్నానా? 5వ నిమిషంలో, 15వ నిమిషంలో, 30వ నిమిషంలో ఒక్కో ముక్క రాసుకో. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ జరగలేదో, నీకు తెలియకుండా జరిగిందో బయటపడుతుంది.

అన్నీ గొప్పవేనని చెప్పడం లేదు. ఒక సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), పొడుగాటి రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) ఉంటే ఎవరైనా గంటసేపు గుంయ్‌మనిపించగలరు. నాసిరకం పని పట్టుకోవడానికి నేను లూప్ అతుకు, అంటే ఒకే ముక్కను తిప్పి తిప్పి అతికించిన చోటు, వెతుకుతాను. అదే శబ్దం అంతే ఎడంతో మూడోసారి వచ్చిందంటే, కళాకారుడు మధ్యలో టీ తాగడానికి వెళ్లాడన్నమాట. కవర్ మీది పుర్రెలకీ, లాటిన్ పేర్లకీ మాత్రం మార్కులు వేయకు. ఇంకోటి: 'అగాధం', 'శూన్యం', 'చీకటి' అనే మూడు మాటలు వాడకూడదని నేను ఒక ఏడాదిపాటు ఒట్టు పెట్టుకున్నాను. మొదటి నెలంతా ఏం రాయాలో తోచలేదు. తర్వాతే వినడం వచ్చింది.

థ్రాష్‌తో చిక్కు తిరగబడుతుంది. అక్కడ అన్నీ ఒకేసారి జరిగిపోతాయి, మొదటిసారి వినగానే రక్తం ఉరకలేస్తుంది. ఆ ఊపులో రాసిన రివ్యూను నమ్మకు. వాల్యూమ్ బాగా తగ్గించి మళ్లీ విను. మంచి రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క, చిన్న శబ్దంలో కూడా నిలబడుతుంది. మర్నాడు పొద్దున ఎన్ని రిఫ్‌లు కూనిరాగంగా తీయగలవో లెక్కపెట్టుకో. వేగం వేరు, బిగువు వేరు. తీగల మీద అరచేయి ఆనించి పామ్ మ్యూట్ చేసిన గిటారూ, రెండు కాళ్లతో వాయించే డబుల్ బేస్ డ్రమ్మూ ఒకే దెబ్బలా పడుతున్నాయా, లేక ఒకదాన్ని ఒకటి తరుముతున్నాయా అన్నది విను. నిడివి కూడా చూడాలి. థ్రాష్ బ్యాండ్ స్లేయర్ 1986లో 'రెయిన్ ఇన్ బ్లడ్'ని 10 పాటలతో దాదాపు 29 నిమిషాల్లో ముగించింది. గంటసేపు సాగే ఆల్బమ్ నీ చేతికొస్తే, ఏ పాటలు తీసేస్తే మెరుగయ్యేదో పేర్లతో సహా రాయి.

సౌండ్ గురించి రాసేటప్పుడు పాటల్నీ, రికార్డింగునీ విడదీయి. ఇంకో థ్రాష్ బ్యాండ్ మెటాలికా 1988 ఆల్బమ్ '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో బేస్ గిటార్ దాదాపు వినపడదు, అయినా ఆ రిఫ్‌ల పనితనం ఎక్కడికీ పోలేదు. అదే బ్యాండ్ 2008లో తెచ్చిన 'డెత్ మాగ్నెటిక్'ని అతిగా లౌడ్ చేయడంతో శబ్దం పగిలిందని అభిమానులే గోల పెట్టారు. రెండు ఆల్బమ్‌లను పోలుస్తున్నప్పుడు రెండింటి శబ్దమూ ఒకే మట్టానికి తెచ్చుకో. పెద్దగా వినిపించేదే బాగున్నట్టు చెవి మోసం చేస్తుంది. "స్లేయర్‌లా ఉంది" అని వదిలేయడం బద్ధకం. క్రియేటర్, సోడమ్ లాంటి జర్మన్ బ్యాండ్ల పచ్చి కరుకుదనమా, టెస్టమెంట్‌లాంటి బే ఏరియా (అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) బ్యాండ్ల చెక్కినట్టుండే పనా? ఏ పోలిక, ఎక్కడ అన్నది చెప్పు.

నువ్వు చేసిన ఇంకో పొరపాటు, రెండూ ఒకే సాయంత్రం వినడం. గంటసేపు థ్రాష్ గట్టిగా విన్నాక చెవులు దిబ్బడేస్తాయి, ఆ చెవులకి డ్రోన్‌లోని సన్నటి మార్పులు ఏం తెలుస్తాయి? యాంబియెంట్ పొద్దున్నే పెట్టుకో, థ్రాష్ తర్వాత. చెవుల్ని కాపాడుకో కూడా. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు అంటారు, శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. నా కుడి చెవిలో ఎప్పుడూ ఒక ఈల మోగుతూ ఉంటుంది, ఆ సంగతి మీ అమ్మకి చెప్పకు.

ఇప్పుడు ఆ డార్క్ యాంబియెంట్ ఆల్బమ్ మళ్లీ విను. లైటు ఆర్పి, ఫోన్ పక్కన పడేసి, మొదటిసారి ఏమీ రాసుకోకుండా. రెండు రోజులాగి ఇంకోసారి, ఈసారి పెన్నుతో. అప్పటికీ మూడు మార్కులే అనిపిస్తే అలాగే ఉంచు, నాకేం అభ్యంతరం లేదు. కానీ "ఏమీ జరగదు" అన్న చోట, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా జరగదో రాసి పంపు.

నీ పెదనాన్న