విండోస్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే పెన్‌డ్రైవ్‌తో తెరిచేస్తారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ పాస్‌వర్డ్‌ల గురించే ఉన్నాయండి, అందుకే మిగతావి పక్కనపెట్టి ఈ నాలుగే తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగయింది, కానీ ఇంట్లోనో షాపులోనో డెస్క్‌టాప్ ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొచ్చే విషయం కాబట్టి తగ్గించలేదు.

ప్రశ్న: తెనాలిలో చిన్న అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్నానండి. ఉన్నది ఒకటే డెస్క్‌టాప్, టాలీ, క్లయింట్ల పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ అందులోనే. విండోస్‌కి పాస్‌వర్డ్ పెట్టుకున్నాను. మొన్న మా మేనల్లుడొచ్చి ఏదో పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసి, పాస్‌వర్డ్ అడగకుండానే నా ఫోల్డర్లన్నీ తెరిచి చూపించాడు, గుండె గుభేల్‌మంది. బయోస్ పాస్‌వర్డ్ పెట్టుకో అత్తా అన్నాడు. అది పెడితే ఇంక భయం లేనట్టేనా? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మేనల్లుడు చాలా మంచి పని చేశాడమ్మా, అదే పని బయటివాడు చేసుంటే మీకు తెలిసేది కూడా కాదు. విండోస్ పాస్‌వర్డ్ అడిగేది విండోస్, ఆ విండోసే మొదలవ్వకపోతే అడిగేవాళ్ళెవరు? పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్‌తో, అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌తో, కంప్యూటర్ ఆన్ చేస్తే మీ హార్డ్‌డిస్క్ దానికి ఇంకో పెన్‌డ్రైవ్ లాగే కనపడుతుంది, ఫైళ్ళు మామూలుగా కాపీ అయిపోతాయి.

కాబట్టి ముందు పెన్‌డ్రైవ్‌తో ఆన్ అవ్వకుండా చూడాలి, ఆ పని బయోస్‌లో చెయ్యాలి, అంటే స్విచ్ వెయ్యగానే విండోస్ కంటే ముందు మొదలయ్యే ప్రోగ్రాంలో. ఇప్పటి మదర్‌బోర్డుల్లో దాని అసలు పేరు యూఈఎఫ్‌ఐ, కానీ అందరం బయోస్ అనే అంటాం. స్విచ్ వెయ్యగానే ఒక కీ వరసగా నొక్కుతూ ఉంటే తెరుచుకుంటుంది, అసెంబుల్ చేయించిన సిస్టమ్ అయితే ఎక్కువగా డిలీట్ కీ, డెల్ కంపెనీది అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10. లోపల సెక్యూరిటీ అనే పేజీలో రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి, అడ్మినిస్ట్రేటర్‌ది ఒకటి, యూజర్‌ది ఒకటి, కొన్నిట్లో అడ్మినిస్ట్రేటర్ బదులు సూపర్‌వైజర్ అని ఉంటుంది. అందరూ తికమకపడేది ఇక్కడే. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఒక్కటే పెడితే బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళేటప్పుడు మాత్రమే అడుగుతుంది, కంప్యూటర్ మాత్రం మామూలుగా ఆన్ అయిపోతుంది. యూజర్ పాస్‌వర్డ్ పెడితే స్విచ్ వేసిన ప్రతిసారీ, విండోస్ మొదలవ్వకముందే అడుగుతుంది. యూజర్ పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టి అడ్మినిస్ట్రేటర్‌ది ఖాళీగా వదిలేస్తే, చాలా బోర్డుల్లో ఆ యూజర్‌కే సెట్టింగ్స్ అన్నీ మార్చే అధికారం వచ్చేస్తుంది, అంటే ఉదయాన్నే ఆఫీసు తెరిచే కుర్రాడికి మీరు చెప్పిన పాస్‌వర్డ్‌తో అతను అన్నీ మార్చెయ్యొచ్చు. అందుకని రెండూ పెట్టండి, వేరువేరుగా పెట్టండి, అడ్మినిస్ట్రేటర్‌ది మీ దగ్గరే ఉంచుకోండి.

తర్వాత బూట్ అనే పేజీలోకెళ్ళి మీ హార్డ్‌డిస్క్‌నో ఎస్ఎస్‌డీనో మొదట పెట్టి, యూఎస్‌బీ నుంచి బూట్ అవ్వడం, అంటే పెన్‌డ్రైవ్‌తో ఆన్ అవ్వడం, ఆపెయ్యండి. అంతా అయ్యాక మేనల్లుణ్ణి మళ్ళీ పిలిచి అదే పెన్‌డ్రైవ్‌తో ప్రయత్నించమనండి, ఎందుకంటే కొన్ని బోర్డుల్లో ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12 లాంటి కీ నొక్కితే బూట్ మెనూ విడిగా తెరుచుకుంటుంది, మీ బోర్డు దాన్ని ఆపుతుందో లేదో చేసి చూస్తేనే తెలిసేది. పాస్‌వర్డ్‌లో అక్షరాలు, అంకెలు చాలు, గుర్తులు వద్దు. అంకెలు కూడా కీబోర్డు పై వరసలోవి నొక్కండి, పక్కన ఉండే నంబర్ ప్యాడ్ ఆ సమయానికి ఆన్ అయి ఉండకపోవచ్చు.

ఇక మీరడిగిన అసలు మాట, భయం లేనట్టేనా అని. లేనట్టు కాదమ్మా. డెస్క్‌టాప్ క్యాబినెట్ పక్క డోర్‌కి ఉండేవి రెండు స్క్రూలు. లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు, పవర్ వైరు పీకేసి దాన్ని కాసేపు తీసి పెట్టినా, పక్కనే క్లియర్ సీమాస్ అని ఉండే రెండు పిన్నుల్ని కలిపినా చాలా అసెంబుల్డ్ బోర్డుల్లో పాస్‌వర్డ్ ఎగిరిపోతుంది. ఇది దొంగ కిటుకేమీ కాదు, మర్చిపోయినవాళ్ళ కోసం బోర్డుతో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఇంకా సులువు ఏంటంటే బోర్డు జోలికే పోకుండా హార్డ్‌డిస్క్ విప్పుకుని వెళ్ళిపోయి వేరే కంప్యూటర్‌కి తగిలించుకోవడం, అప్పుడు మీ బయోస్ పాస్‌వర్డ్‌కి అసలు పనే లేదు. అందుకే క్యాబినెట్ వెనక చిన్న తాళం కప్ప పట్టే కొక్కెం ఉంటే తాళం వేయించండి. ఒక రోజు పొద్దున్న ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడక్కుండా, తేదీ కూడా ఎప్పటిదో చూపిస్తే, బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు గానీ ఎవరో డోర్ విప్పారేమో కూడా చూడండి.

క్లయింట్ల కాగితాల్ని నిజంగా కాపాడేది డిస్క్ ఎన్‌క్రిప్షన్. విండోస్ ప్రో అయితే బిట్‌లాకర్ ఉంటుంది, విండోస్ హోమ్ అయితే చాలా కొత్త మెషీన్లకి డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో ఉంటుంది. ఇది ఆన్ చేస్తే డిస్క్ విప్పుకుపోయినవాడికి అర్థం లేని అక్షరాలు తప్ప ఏమీ కనపడవు. ప్రో ఉంటే గ్రూప్ పాలసీ అనే విండోస్ సెట్టింగ్స్ చోట ఒక సెట్టింగ్ మార్చి, విండోస్ కంటే ముందే పిన్ అడిగేలా కూడా పెట్టుకోవచ్చు, మీలాంటి ఆఫీసుకి అది తప్పకుండా పెట్టుకోమంటాను. ఆన్ చేసేటప్పుడు 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. దయచేసి దాన్ని ప్రింట్ తీసి ఇంట్లో బీరువాలో పెట్టండి, అదే కంప్యూటర్‌లో దాచొద్దు. మొన్నామధ్య నాకు తెలిసినాయన బయోస్ అప్‌డేట్ చేయించాడు, ఆన్ చెయ్యగానే రికవరీ కీ అడిగింది, ఆ కీ ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికీ తెలీదు, పిల్లల ఆరేళ్ళ ఫొటోలు పోయాయి. బయోస్ మార్చినా, బ్యాటరీ తీసినా, ఒక్కోసారి మదర్‌బోర్డు రిపేరుకి ఇచ్చినా అలా అడుగుతుంది, కాబట్టి అలాంటి పని చేయించే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్యాలి, అంటే కాసేపు ఆపి ఉంచాలి, పూర్తిగా తీసెయ్యక్కర్లేదు.

టాలీలో టాలీవాల్ట్ అని ఉంది చూడండి, అది కంపెనీ డేటాని విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఫోల్డర్ కాపీ చేసుకుపోయినా తెరుచుకోదు. కానీ ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవరూ తీసివ్వలేరు, అది కూడా అదే కాగితం మీద రాసుకోండి. బ్యాకప్ సంగతి మీకు చెప్పక్కర్లేదనుకుంటా.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసులో వాడిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఒకటి కొన్నాను. బాగానే నడుస్తోంది గానీ ఎస్ఎస్‌డీ వేసి విండోస్ ఎక్కిద్దామంటే బయోస్ పాస్‌వర్డ్ అడుగుతోంది. అమ్మినతను తనకీ తెలీదంటున్నాడు. బ్యాటరీ తీసి పెట్టినా పోలేదు. - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బ్యాటరీకి పోకపోవడంలో మీ తప్పేం లేదండి, ఆఫీసుల కోసం తయారుచేసే మెషీన్లలో చాలావాటికి పాస్‌వర్డ్ బ్యాటరీతో బతికే మెమరీలో ఉండదు, కరెంట్ లేకపోయినా చెరగని చిప్‌లో ఉంటుంది. డెల్ ఆప్టిప్లెక్స్ లాంటివాటిలో బోర్డు మీద పీఎస్‌డబ్ల్యూడీ అని రాసి ఉన్న చోట రెండు పిన్నుల్ని కలిపే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, జంపర్ అంటారు, దాంతో పాస్‌వర్డ్ తియ్యడం ఎలాగో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. హెచ్‌పీ ఆఫీసు డెస్క్‌టాప్‌లలో కూడా పాస్‌వర్డ్ జంపర్ ఉన్నవి చాలా ఉన్నాయి. ముందు మోడల్ నంబర్ చూసి మాన్యువల్ తెచ్చుకోండి, పవర్ వైరు పీకాకే చెయ్యి పెట్టండి. దానికీ లొంగకపోతే బిల్లు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాలి, మెషీన్ మీదేనని రుజువు అడుగుతారు. అందుకే బిల్లు లేకుండా అమ్మే సిస్టమ్ ఎంత చవకైనా నేను వద్దనే చెప్తాను, లాక్ ఉండి బిల్లు లేదంటే అది ఎవరిదో కూడా కావచ్చు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కొన్నా మీ ఊళ్ళో కొన్నా, డబ్బులిచ్చే ముందు అక్కడే ఆన్ చేయించి బయోస్‌లోకి వెళ్ళి చూడండి, రెండు నిమిషాల పని.

ప్రశ్న: మా నాన్నగారికి విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్ ఉంది. ఎవరో ఫోన్ చేసి వైరస్ ఉందని చెప్పి రిమోట్‌లో ఏదో చేశారట, డబ్బులు ఇవ్వనన్నారని ఇప్పుడు ఆన్ చెయ్యగానే స్టార్టప్ పాస్‌వర్డ్ అడుగుతోంది, ఆయన అలాంటిదేమీ పెట్టలేదు. బ్యాంకు వివరాలేమీ చెప్పలేదంటున్నారు. ఫైళ్ళన్నీ పోయినట్టేనా? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పోలేదమ్మా, ముందు నాన్నగారికి ఆ మాట చెప్పండి. అది సిస్‌కీ అనే పాత సౌకర్యం, విండోస్ ఎన్‌టీ రోజుల్నుంచి ఉంది, దాని ఎన్‌క్రిప్షన్ ఇప్పటికి బలహీనమైపోయిందని, ఇలాంటి మోసగాళ్ళు కూడా వాడుతున్నారని మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10 నుంచి తీసేసింది. సిస్‌కీ ఎన్‌క్రిప్ట్ చేసేది లాగిన్ పాస్‌వర్డ్‌ల వివరాల్ని మాత్రమే, ఫొటోలు, డాక్యుమెంట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ హార్డ్‌డిస్క్ విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్ళు కాపీ చేసుకోండి, తర్వాత విండోస్ కొత్తగా వేయించండి, 7 మాత్రం మళ్ళీ వెయ్యొద్దు. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తారు, ఒక్క రూపాయి ఇవ్వొద్దు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యండి. రిమోట్‌లో ఉన్నప్పుడు స్క్రీన్ మీద బ్యాంకు పేజీ గానీ మెయిల్ గానీ తెరిచి ఉందేమో నాన్నగారిని మెల్లగా అడగండి, కోప్పడొద్దు, కోప్పడితే చెప్పరు. తెరిచి ఉంటే ఆ పాస్‌వర్డ్‌లు ఈ రోజే వేరే ఫోన్ నుంచి మార్చెయ్యండి.

ప్రశ్న: నేను ఉబుంటు వాడతాను. లినక్స్‌కి ఇవన్నీ అవసరమా? - ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అవసరమే తమ్ముడూ. ఉబుంటు మొదలయ్యే ముందు గ్రబ్ అనే మెనూ వచ్చినప్పుడు ఇ అక్షరం నొక్కి కర్నెల్ లైన్ చివర ఒక చిన్న ముక్క చేరిస్తే పాస్‌వర్డ్ లేకుండా రూట్, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం, వచ్చేస్తుంది, నీ రూమ్మేట్‌కి కూడా వస్తుంది. గ్రబ్‌కి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, కానీ డిస్క్ విప్పితే అదీ ఆగదు. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్ ఉంటుంది, లక్స్ అంటారు, అది ఎంచుకోవాలి. ఇప్పటికే ఎన్‌క్రిప్షన్ లేకుండా వేసేసి ఉంటే డేటా బయటి డిస్క్‌లోకి తీసుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే సులువు, సెమిస్టర్ సెలవుల్లో చేసుకో.