జూలో ఊచలు తీసేసిందెవరు?

ప్రశ్న: మొన్న పిల్లల్ని తీసుకుని ఎస్వీ జూకి వెళ్ళాం మేడమ్. పులికీ మనకీ మధ్య ఊచలే లేవు, లోతుగా కందకం ఉంది, అంతే. మా చిన్నోడు భయపడి చంక దిగలేదు. పులి దూకదా? ఈ ఏర్పాటు ఎవరిది? జంతుశాస్త్రంలో మన తిరుపతి పేరు ఎక్కడైనా ఉందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: దూకదండీ, బాబుకి ధైర్యం చెప్పండి. పులి ఎంత దూరం దూకగలదో, ఎంత ఎత్తు ఎగరగలదో చూసుకుని అంతకు మించే కందకం తవ్వుతారు. దీన్ని ప్రపంచానికి అలవాటు చేసింది జర్మనీలోని హాంబుర్గ్‌కి చెందిన కార్ల్ హాగెన్‌బెక్. 1896లో పేటెంట్ తీసుకున్నాడు, 1907లో ఊరి పక్కనే స్టెల్లింగెన్‌లో సొంత జూ తెరిచాడు. అయితే ఆయన్ని నెత్తిన పెట్టుకోవడం నాకిష్టం లేదు. ఆయన అసలు వ్యాపారం అడవి జంతువుల్ని పట్టించి అమ్మడం, పైగా దూరదేశాల మనుషుల్ని కూడా తెచ్చి, టికెట్ పెట్టి జనానికి చూపించాడు, ఇది దాచిపెట్టి ఆయన్ని పొగిడితే ఆ మనుషులకి అన్యాయం చేసినట్టే.

నన్నడిగితే పిల్లలకి చెప్పాల్సిన పేరు రామబ్రహ్మ సన్యాల్. కలకత్తా అలీపూర్ జూలో తొలినాళ్ళలోనే చేరి, దాని మొదటి భారతీయ సూపరింటెండెంట్ అయిన బెంగాలీ. ఏ జంతువు ఏం తింటోంది, దేనికి జబ్బు పడింది, ఎలా కోలుకుంది అని ఓపిగ్గా గమనించి రాసుకునేవాడు, ఆ అనుభవమంతా 1892లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది, జూలో జంతువుల్ని ఎలా సాకాలో చెప్పే పుస్తకాలు అప్పటికి చాలా అరుదు. ఆయన హయాంలోనే, 1889లో, అలీపూర్‌లో సుమత్రా ఖడ్గమృగం ఈనింది. మళ్ళీ ఏ జూలోనైనా ఆ జాతి జంట కలిసి పిల్లని కని, అది బతికింది ఎప్పుడనుకున్నారు? 2001లో, అమెరికాలోని సిన్సినాటిలో. మధ్యలో 112 ఏళ్ళు! ఇన్ని సౌకర్యాలున్న కాలంలోనే అది అంత కష్టమైందంటే, ఆ రోజుల్లో కలకత్తాలో అది జరగడం ఎంత గొప్పో చూడండి.

ఇక తిరుపతి సంగతి. ఉంది, నిక్షేపంగా ఉంది. మద్రాసు అటవీశాఖ అధికారి బెడ్డోమ్ 1870లో లోకానికి పరిచయం చేసిన బంగారు బల్లి మన తిరుపతి కొండల్లోదే. కంచి గుళ్ళో మనం తాకి వచ్చే బల్లి కాదు, ప్రాణమున్నది, మగదాని ఒళ్ళు పసుపుపచ్చగా మెరుస్తుంది. చాలాకాలం శాస్త్రవేత్తల కంటపడకుండా పోయి 1980ల్లో మళ్ళీ దొరికింది. ఎండ తగలని బండల చీలికల్లో ఉంటుంది, ఎక్కువగా రాత్రిపూటే బయటికొస్తుంది. చాలా బల్లులు ఒకేచోట గుడ్లు పెడతాయి, అవి రాతికి గట్టిగా అతుక్కుని తెల్లటి బిళ్ళల్లా కనిపిస్తాయి. కొండల్లో తిరిగేటప్పుడు అలాంటివి కనబడితే పిల్లల్ని గోకనివ్వకండి, చట్టం కూడా ఒప్పుకోదు.