తంగేడు, జమ్మి చుట్టాలెలా అయ్యాయి?

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ చదివేటప్పుడు చిక్కుడు కుటుంబంలో మూడు ఉపకుటుంబాలని బట్టీ పట్టానండీ. ఇప్పుడు మా అమ్మాయి డిగ్రీ బుక్‌లో ఆరు అని ఉంది, పైగా తంగేడు, జమ్మి ఒకే దాంట్లో పెట్టారు. తంగేడు పువ్వెక్కడ, జమ్మి కంకి ఎక్కడ! పువ్వుని చూడకుండా దేన్ని చూసి కలిపారు?
- ఓ పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: మీరు బట్టీ పట్టింది అప్పటికి కరెక్టేనండీ. అప్పట్లో పువ్వు చూసే పంచారు. సీతాకోకచిలకలా ఉంటే కంది, పెసర వైపు, రేకులు కనపడీ కనపడక కేసరాలే కుచ్చులా ఉంటే తుమ్మ, జమ్మి వైపు, ఈ రెండూ కానివన్నీ అంటే తంగేడు, రేల, చింత, దేవకాంచనం ఇలాంటివి మూడో గంపలో పడేశారు. అసలు పేచీ ఈ మూడో గంపతోనే.

2017లో చాలా దేశాల శాస్త్రవేత్తలు కలిసి, ఆకుల్లో క్లోరోప్లాస్ట్ ఉంటుంది కదా, దాంట్లోని మ్యాట్‌కే అనే ఒక జీన్‌ని దాదాపు 3,700 జాతుల్లో పోల్చి చూశారు, అంటే కుటుంబంలో ఐదో వంతన్నమాట. చూస్తే దేవకాంచనానిది వేరు కుంపటి, చింత, అశోకలది ఇంకో కుంపటి. తుమ్మ, జమ్మి గుంపేమో తంగేడు, తురాయి ఉన్న కొమ్మలోంచే చీలిన రెమ్మ అని తేలింది, ఇంక దాన్ని విడిగా ఉంచితే పిల్లని ఇంట్లోంచి తీసేసి వంశవృక్షం రాసినట్టే కాబట్టి కలిపేశారు. అలా మన తెలంగాణ రాష్ట్ర పువ్వు, రాష్ట్ర చెట్టు ఒకే ఇంటివి అయిపోయాయి :) ఆరింట్లో ఒకదాంట్లో అయితే ఉన్నది ఒక్కటే జాతి, ఆఫ్రికా అడవుల్లో పాకే తీగ.

అలాగని పువ్వుని వదిలేయలేదండీ, విచ్చిన పువ్వుని కాకుండా మొగ్గని చూడ్డం మొదలుపెట్టారు. అమెరికాలో లూసియానాకి చెందిన షర్లీ టకర్ గారు దశాబ్దాల పాటు చిన్న చిన్న మొగ్గల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి ఏ రేకు ఎప్పుడు మొలుస్తుందో చూశారు. దేవకాంచనానికి దగ్గర చుట్టం సెర్సిస్ అని ఒక చెట్టు ఉంది, దాని పువ్వు అచ్చం బఠాణీ పువ్వులా ఉంటుంది, కానీ ఆ పోలిక మొగ్గ ఎదుగుదలలో చివర్లో వచ్చేదే. మొగ్గలో దాని పై రేకు, అదే మనం ధ్వజం అని చదువుకున్నది, అన్నిటికన్నా లోపల ఉంటుంది, బఠాణీలో అన్నిటికన్నా బయట.

నాకు బాగా నచ్చేది మాత్రం కాడియా కథ. ఆఫ్రికా, మడగాస్కర్ వైపు పెరిగే మొక్క ఇది, కంది వైపు ఉపకుటుంబమే, కానీ పువ్వు గంటలా గుండ్రంగా ఐదు రేకులూ ఒకేలా ఉంటాయి. పాతకాలపు రూపం ఇంకా మిగిలిపోయిందేమో అనుకున్నారు, డీఎన్ఏ చూస్తే ఆ ఉపకుటుంబం మధ్యలో కూర్చుంది. మరి పువ్వెందుకలా? 2006లో తేలిందేంటంటే మామూలుగా పువ్వు పై భాగంలోనే, అంటే ధ్వజం వైపే పనిచేసే సైక్లోయిడియా రకం జీన్ ఒకటి కాడియాలో ఐదు రేకుల్లోనూ ఆన్‌లో ఉంది. అంటే పువ్వు వెనక్కి పోలేదు, ఐదూ ధ్వజాలే అయిపోయాయి! డీఎన్ఏ ఒక్కటే చూసుంటే ఎవరి పక్కన ఎవరో తెలిసేది గానీ ఇది తెలిసేది కాదు.

ఇంట్లోనే చూడాలంటే రేపు విచ్చబోయే అవిసె మొగ్గ ఒకటి, తురాయి మొగ్గ ఒకటి తెచ్చి మెల్లగా విప్పండి. అవిసెలో పెద్ద రేకు మిగతావాటిని దుప్పటిలా కప్పి ఉంటుంది, తురాయిలో తెల్లటి చారలుండే రేకు లోపల దాక్కుని ఉంటుంది (చిన్నప్పుడు దాని కేసరాలతో కోడిపందేలు ఆడాం గానీ ఇది ఎవరం చూడలేదు). జమ్మి మొగ్గ జోలికి మాత్రం పోకండి, రేకులు అంచుకి అంచు ఆనుకుని ఉంటాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కవు, పైగా అంత చిన్నదాన్ని విప్పాలంటే సూది, భూతద్దం రెండూ కావాలి.