దర్శకుల మధ్య విమర్శలు సినిమా ఫలితాన్ని మారుస్తాయా?

పేరున్న దర్శకుడు ఇంకో దర్శకుడి సినిమాని బహిరంగంగా విమర్శిస్తే ఆ సినిమా దెబ్బతింటుందా అన్నది ప్రశ్న. కలెక్షన్ల వరకు అడిగితే, దాదాపు ఏమీ కాదు. దెబ్బ తగిలేది సినిమా పేరుకి, అదీ చాలా నెమ్మదిగా.

ఇలాంటి గొడవ కనబడగానే ముందు తేదీలు చూడండి. మార్వెల్ సినిమాలు థీమ్ పార్కుల్లాంటివని హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ అన్నది 2019 అక్టోబరులో. మార్వెల్ వాళ్ల 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' విడుదలైంది అదే ఏడాది ఏప్రిల్‌లో. ఆయన నోరు విప్పేసరికి అది దాదాపు 280 కోట్ల డాలర్లు వసూలు చేసేసింది. ఇక తగ్గడానికి ఏముంది? గొడవ ఆయన సొంత సినిమా 'ది ఐరిష్‌మన్' ప్రచారం సాగే రోజుల్లోకి వచ్చి పడింది. నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో వివరంగా వ్యాసమే రాయాల్సి వచ్చింది. ఫ్రాంచైజీ సినిమాలే తెరలన్నీ ఆక్రమిస్తుంటే మిగతా సినిమాలకు చోటేదన్నది ఆ వ్యాసంలోని అసలు బాధ. హెడ్‌లైన్లలో మిగిలింది మాత్రం థీమ్ పార్కు ముక్కే. అందుకే ఏ విమర్శనైనా పూర్తి పాఠం చదవకుండా తూచకూడదు.

మాట కన్నా ప్రమాదం పత్రికలు, థియేటర్లు తలుపులు మూసుకోవడం. ఆర్సన్ వెల్స్ తీసిన 'సిటిజన్ కేన్' మీద రెండు రకాల దాడులూ జరిగాయి. 1941లో పత్రికాధిపతి హర్స్ట్ తన పేపర్లలో ఆ సినిమా ఊసే రాకుండా చేశాడు. థియేటర్ల వాళ్లు కూడా వెనకాడారు. మొదటి విడుదలలో సినిమా నష్టపోయింది. చాలా ఏళ్ల తర్వాత అదే సినిమా విసుగు పుట్టిస్తుందని స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ అన్నాడు. ఆయన అంతటివాడు అన్నా ఏమీ కాలేదు. బ్రిటిష్ సినిమా పత్రిక 'సైట్ అండ్ సౌండ్' పదేళ్లకోసారి విమర్శకులతో జరిపే పోలింగులో 1962 నుంచి 2002 దాకా వరసగా ఐదు సార్లు మొదటి స్థానంలో నిలిచిన సినిమా అది. హర్స్ట్ చేతిలో పేపర్లున్నాయి, బెర్గ్‌మన్ చేతిలో ఉన్నది ఒక అభిప్రాయం.

అయితే అభిప్రాయానికి ఒక పత్రిక, దాని వెనక ఒక తరం తోడైతే లెక్క మారుతుంది. 1954 జనవరిలో ఫ్రెంచి సినిమా పత్రిక 'కయే ద్యు సినెమా'లో ఫ్రాన్సువా త్రుఫో రాసిన వ్యాసమే దీనికి ఉదాహరణ. అప్పటికి ఆయన దర్శకుడు కాడు, ఇరవై ఒక్కేళ్ల విమర్శకుడు. క్లోద్ ఓతాన్-లారా, జాన్ దెలనోయ్ లాంటి పెద్ద దర్శకులనూ, స్క్రిప్టులు రాసే ఒరాన్ష్, బోస్ట్ జంటనూ ఉతికి ఆరేశాడు. స్క్రిప్టు చేతికిచ్చేశాక దానికి బొమ్మలు అద్దడమే దర్శకుడి పనైపోయిందన్నది ఆయన ఫిర్యాదు. టికెట్లు తెగడం ఆగిందా? లేదు. 1956లో ఆ జంటే రాయగా ఓతాన్-లారా తీసిన 'లా త్రవెర్సే ద పారి' బాగా ఆడింది. కానీ 1959లో త్రుఫో కాన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడయ్యాక, ఆయన వేసిన ముద్రే వాళ్లకు స్థిరపడిపోయింది. 1974లో ఫ్రెంచి దర్శకుడు బెర్త్రాఁ తవెర్నియే తన తొలి పెద్ద సినిమాకు పనిగట్టుకుని ఒరాన్ష్, బోస్ట్‌లనే రాయమన్నాడు. మధ్యలో గడిచింది ఇరవై ఏళ్లు. నా దృష్టిలో ఆ వ్యాసం సినిమాకు మేలే చేసింది, కానీ కొందరు మంచి పనివాళ్లకు అన్యాయం కూడా చేసింది.

సత్యజిత్ రాయ్, మృణాల్ సేన్‌ల తగవు ఇంకో రకం. (1977లో తెలుగులో 'ఒక ఊరి కథ' తీసిన సేన్ ఈయనే.) 1965లో సేన్ తీసిన 'ఆకాశ్ కుసుమ్' మీద ఇద్దరూ 'ది స్టేట్స్‌మన్' పత్రికలో ఉత్తరాల యుద్ధం చేశారు. కథలో కుర్రాడు డబ్బున్నవాడిలా నటిస్తాడు. అందులో సమకాలీనత ఎంత అన్న దగ్గర మొదలై మాటలు ఘాటెక్కాయి. ఇప్పుడు ఎవరైనా ఆ సినిమా గురించి రాస్తే ఆ ఉత్తరాల ప్రస్తావన రాకుండా పోవడం అరుదు. దీన్ని నష్టమనాలో లాభమనాలో తేల్చడం కష్టం. సినిమాని మర్చిపోనివ్వలేదు, సినిమాగా మాత్రమే చూడనివ్వనూ లేదు.

అవార్డుల ఓటింగులో పోటీదారుణ్ని తక్కువ చేస్తే తగిలేది అన్నవాడికే. 2010లో 'ది హర్ట్ లాకర్' నిర్మాతల్లో ఒకరు పోటీ సినిమాకు ఓటెయ్యొద్దని ఈమెయిళ్లు పంపి ఆస్కార్ వేడుకకు వెళ్లే అర్హత పోగొట్టుకున్నారు. ఉత్తమ చిత్రం మాత్రం ఆ సినిమాకే వచ్చింది.

మీరు విమర్శకు గురైన సినిమా యూనిట్‌లో ఉంటే, విడుదల వారంలో దర్శకుడి చేత జవాబు చెప్పించకండి. ఎదుటివాడి మాట ఒక రోజు వార్త అయితే, మీ జవాబుతో అది రెండో రోజుకు పాకుతుంది. ఇంటర్వ్యూలో కథకు, నటులకు దక్కాల్సిన నిమిషాలు దానికే ఖర్చవుతాయి. తప్పనిసరైతే ఒక్క వాక్యం, అదీ మర్యాదగా. ఆ తర్వాత ఎన్ని తెరలు చేతిలో ఉన్నాయో, సోమవారం ఆక్యుపెన్సీ ఎంతో చూసుకోండి. విమర్శ విడుదలకు ముందే వచ్చిందా, అప్పుడు మాత్రం థియేటర్ల వాళ్లతో నేరుగా మాట్లాడండి. సినిమా చూడకుండా భయపడేది ముందుగా వాళ్లే.