సింక్ జామ్‌కి స్ప్రింగా, జెట్టింగా, యాసిడా? మా అపార్ట్‌మెంట్‌లో చూసింది చెప్తా

మీరు అడిగింది ఇదీ: రెండో అంతస్తు ఫ్లాట్, కిచెన్ సింక్ నెలకో రెండు నెలలకో నిండిపోతోంది, ప్లంబర్ యాసిడ్ పోయమంటున్నాడు, ఒకాయన స్ప్రింగ్ మిషన్‌కి 1,200 అన్నాడు, ఇంకొకాయన జెట్టింగ్‌కి, అంటే ప్రెజర్‌తో నీళ్ళు కొట్టి పైపు కడగడానికి, 5,500 అన్నాడు, ఏది చేయించాలి అని. కానీ చివర్లో ఊరికే అన్నట్టు ఇంకో మాట రాశారు చూడండి, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళ సింక్‌లోంచి అప్పుడప్పుడు నురగ పైకొస్తోందని. నాకైతే అసలు విషయం అక్కడే ఉందనిపించింది.

నేను ప్లంబర్‌ని కాదండి. హైదరాబాద్‌లో కొంచెం పాత అపార్ట్‌మెంట్ మాది, అసోసియేషన్‌లో మెయింటెనెన్స్ పని ఎవరూ తీసుకోకపోతే నా నెత్తిన పడింది, అప్పట్నుంచి డ్రైనేజీ అనగానే వాచ్‌మన్ ముందు నా ఫ్లాట్ బెల్ కొడతాడు. అందుకని ఈ మిషన్లు అన్నీ పక్కన నిలబడి చూసినవే.

ముందు ఒకటి ఆలోచించండి. డక్ట్‌లో, అంటే అన్ని అంతస్తుల పైపులు దిగే ఆ సందులో, కిందకి దిగే నిలువు పైపు అడుగున జామ్ అయితే నీళ్ళు ఎక్కడ పొంగాలి, గ్రౌండ్ ఫ్లోర్‌లోనే కదా. అక్కడ బయటకి వచ్చేస్తుంటే రెండో అంతస్తు దాకా ఎక్కి మీ సింక్‌లో ఆగాల్సిన పని లేదు. అంటే మీ సింక్ ఆగడానికి కారణం మీ సొంత లైన్, సింక్ కింద నుంచి డక్ట్ దాకా అడ్డంగా వెళ్ళే ఆ రెండు మూడు మీటర్ల పైపు. గ్రౌండ్ ఫ్లోర్ నురగకి కారణం వేరే, నిలువు పైపు కింద బెండ్ దగ్గరో అక్కడ్నుంచి ఛాంబర్‌కి (కింద నేలలో మూత ఉన్న డ్రైనేజీ గుంత) వెళ్ళే లైన్‌లోనో జిడ్డు పట్టింది. రెండు చోట్ల రెండు జామ్‌లు. కాబట్టి ఆ 1,200 ఆయనా తప్పు చెప్పలేదు, 5,500 ఆయనా తప్పు చెప్పలేదు, ఒకాయన మీ లైన్ చూసి చెప్పుంటాడు, ఇంకొకాయన కింద ఛాంబర్ మూత తీసి చెప్పుంటాడు. అందుకే ఏ మిషన్ మంచిది అని అడిగితే జవాబు రాదు, ఏ పైపులో ఏం ఇరుక్కుంది అన్నది తేలితే మిషన్ దానంతటదే తేలుతుంది.

తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. వాచ్‌మన్‌తో కింద ఛాంబర్ మూత తీయించి పైనుంచే చూడండి, దిగొద్దు. పైన సింక్‌లో ఒక బకెట్ నీళ్ళు పోయించండి. ఛాంబర్ ఖాళీగా ఉండి పైన నీళ్ళు ఆగిపోయాయంటే జామ్ లోపల మీ వైపు ఉంది. ఛాంబర్ నిండుగా ఉంటే జామ్ దాన్ని దాటాక, రోడ్డు వైపు ఉంది, అప్పుడు మీ ఇంట్లో ఎన్ని మిషన్లు తిప్పినా డబ్బులు దండగ. రోడ్డు మీద మెయిన్ లైన్ నిండితే అది హైదరాబాద్‌లో జలమండలి (వాటర్ బోర్డు) వాళ్ళ పని, 155313కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇస్తే వాళ్ళ మిషన్ వస్తుంది, వాళ్ళిచ్చే కంప్లైంట్ నంబర్ రాసుకుని అడుగుతూ ఉండాలి అంతే. ఇంకో గుర్తు, ఒక్క సింక్ మాత్రమే ఆగితే ఆ సింక్ లైన్, సింక్‌తో పాటు వాషింగ్ మిషన్ నీళ్ళు కూడా యుటిలిటీ జాలీలోంచి పైకొస్తుంటే అవి రెండూ కలిసిన చోటు తర్వాత.

ఇప్పుడు మీ సొంత లైన్ సంగతి. మిషన్ పిలిచే ముందు సింక్ కింద ఏం ఉందో చూడండి, చాలా ఫ్లాట్లలో ఆ మడతలు మడతలుగా ఉండే తెల్ల ఫ్లెక్సిబుల్ పైపు పెట్టేస్తారు, గంజి, దోసెల పిండి, కొబ్బరి పచ్చడి అడుగు, టీ పొడి ఇవన్నీ ఆ మడతల్లో పట్టేసుకుంటాయి. అది విప్పి పారేసి కొత్తది వేయించడం ఏ మిషన్ కంటే చవక. బాటిల్ ట్రాప్ ఉంటే కింద కప్పు చేత్తోనే తిప్పి తీయొచ్చు, బకెట్ పెట్టుకుని తీయండి లేకపోతే కప్‌బోర్డ్ అంతా కంపు. అది క్లీన్ చేశాక కూడా నీళ్ళు పోకపోతే అప్పుడు గోడలోకి వెళ్ళే పైపులో ఉంది, దానికి చిన్న స్ప్రింగ్ చాలు.

స్ప్రింగ్ మిషన్ అంటే మెలి తిరిగిన స్టీల్ కేబుల్, మోటార్ తిప్పుతుంటే లోపలికి తోస్తారు, కొసకి రకరకాల హెడ్లు పెడతారు. వెంట్రుకలు, గుడ్డ ముక్క, పిల్లలు పడేసిన బొమ్మ, శానిటరీ ప్యాడ్, ఇలాంటివాటికి స్ప్రింగే కరెక్ట్, పట్టుకుని లాగేస్తుంది లేదా ముక్కలు చేస్తుంది. బాత్రూమ్ నానీ ట్రాప్ (నేల మీద జాలీ కింద ఉండే ట్రాప్) జామ్‌లు చాలావరకు దీంతోనే పోతాయి. జిడ్డు దగ్గరే దాని పస తేలిపోతుంది. పేరిన నెయ్యిలో స్పూన్ దింపి తీసినట్టు మధ్యలో ఒక కన్నం పడుతుంది, నీళ్ళు సుయ్యిమని పోతాయి, అందరూ సంతోషిస్తారు, మిషన్ ఆయన డబ్బు తీసుకుని వెళ్తాడు, పైపు గోడకి పట్టిన జిడ్డు మాత్రం అలాగే ఉంటుంది, కొన్ని వారాలకి ఆ కన్నం మళ్ళీ మూసుకుపోతుంది. మా గ్రౌండ్ ఫ్లోర్ అంకుల్ వాళ్ళ కిచెన్ కథ అచ్చంగా ఇదే, పండగ వచ్చిందంటే స్ప్రింగ్ ఆయన రావాల్సిందే, అరిసెల నూనె గిన్నెలు అన్ని అంతస్తుల్లోనూ ఒకేసారి కడుగుతారు కదా.

ఆ లైన్‌కి చివరికి జెట్టింగ్ చేయించాం. నా అభిప్రాయం సూటిగా చెప్తా, డక్ట్ కింద బెండ్‌లో, అక్కడ్నుంచి ఛాంబర్ దాకా భూమిలో ఉన్న లైన్‌లో జిడ్డుకి జెట్టింగే సరైన పద్ధతి. పనిచేసే తీరు ఏంటంటే సన్నటి హోస్ కొసకి నాజిల్ ఉంటుంది, దానికి ఎక్కువ కన్నాలు వెనక్కి తిరిగి ఉంటాయి, నీళ్ళు వెనక్కి గట్టిగా చిమ్మడం వల్ల హోస్ దానంతటదే ముందుకి పాకుతుంది, జిడ్డుని గోడల నుంచి గీకి వెనక్కి తోసుకొస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు కింద ఛాంబర్ నుంచి మొదలుపెట్టి పైకి, బెండ్ వైపు పంపిస్తారు, చెత్త అంతా ఛాంబర్‌లోకే వచ్చి పడుతుంది. మీ సింక్‌లోంచి హోస్ దింపుతానని ఎవరైనా అంటే కొంచెం ఆగండి, వెనక్కి చిమ్మే నీళ్ళన్నీ మీ కిచెన్‌లోకే వస్తాయి. మేం చేయించినప్పుడు ఛాంబర్‌లోకి వచ్చిన ముద్దలు చూస్తే మళ్ళీ నూనె గిన్నె సింక్‌లో వంపబుద్ధి కాదు, తెల్లగా సబ్బు ముక్కల్లా ఉన్నాయి, కంపు మాత్రం చెప్పలేం. వాటిని అక్కడే పారతో తీసి బస్తాకి ఎత్తించాలి, రోడ్డు లైన్‌లోకి తోసేస్తే ముందు ఇంకోచోట అడ్డంపడుతుంది. అలాగే ఒకసారి హోస్ పోయి వస్తే పని అయిపోయినట్టు కాదు, ఛాంబర్‌లోకి వచ్చే నీళ్ళు తేటగా అయ్యేదాకా తిప్పమనండి, ఈ మాట ముందే మాట్లాడుకోవాలి, తర్వాత అడిగితే ఇంకో రేటు చెప్తారు.

జెట్టింగ్ అన్నిటికీ పనికొస్తుందనుకోవద్దు. మా మూడో అంతస్తులో బాత్రూమ్ టైల్స్ మార్చారు, టైల్స్ పనివాళ్ళు సిమెంట్ పాలు, గ్రౌట్ కడిగిన నీళ్ళు అన్నీ నానీ ట్రాప్‌లోనే పోశారు, అది వెళ్ళి బెండ్‌లో గడ్డకట్టి రాయి అయిపోయింది. స్ప్రింగ్ తిప్పారు, జెట్ కొట్టారు, దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. చివరికి డక్ట్‌లోకి తాడు కట్టుకుని దిగిన మనిషి బెండ్ కోసి కొత్తది వేస్తే గానీ అవ్వలేదు. ఇంట్లో ఈమధ్య టైల్స్ పనో మార్బుల్ పాలిషో జరిగుంటే ఆ విషయం వచ్చినవాళ్ళకి మొదటే చెప్పండి.

పాత ఇళ్ళ కథ ఇంకోలా ఉంటుంది. మా అత్తగారి ఇల్లు తెనాలిలో, పాతకాలం స్టోన్‌వేర్ పైపులు, జాయింట్లన్నీ సిమెంట్‌వి, పెరట్లో కానుగ చెట్టు వేళ్ళు ఆ జాయింట్ల సందుల్లోంచి లోపలికి దూరి పీచులా అల్లుకుపోయాయి. అలాంటి చోట స్ప్రింగ్‌కి వేళ్ళు కోసే బ్లేడ్ హెడ్ పెట్టి ముందు కోయించి ఆ తర్వాత తక్కువ ప్రెజర్‌తో కడిగించాలి, ఒకేసారి పెద్ద ప్రెజర్ కొడితే వదులైన జాయింట్లు ఇంకా విడిపోతాయి. వేళ్ళు మళ్ళీ వస్తాయి కూడా, ఆ ముక్క పీవీసీకి మార్చేదాకా అంతే. అక్కడే కెమెరా పనికొస్తుంది. పైపులోకి కెమెరా పంపి స్క్రీన్ మీద చూపిస్తారు, పైపు ఎక్కడ పగిలింది, ఎక్కడ కుంగింది, వాలు ఎక్కడ పోయింది అన్నీ కనపడతాయి. పాత మేస్త్రీల లెక్క 4 అంగుళాల పైపుకి 40 అడుగులకి ఒక అడుగు వాలు, 6 అంగుళాలకి 60 అడుగులకి ఒక అడుగు, ఆ వాలు లేకుండా నేల కుంగిన చోట ఏ మిషన్ పెట్టినా మళ్ళీ నిలుస్తుంది. మామూలు జామ్‌కి మాత్రం కెమెరా అక్కర్లేదు, జెట్టింగ్ బాగా చేశాక కూడా అదే చోట మళ్ళీ మళ్ళీ ఆగుతుంటే అప్పుడు పెట్టించండి, పెట్టిస్తే వీడియో మీ ఫోన్‌లోకి తీసుకోండి.

యాసిడ్ విషయానికి వస్తే, వద్దండి. బాత్రూమ్‌లు కడిగే ఆ యాసిడ్ జిడ్డుని కరిగించదు, దానికీ జిడ్డుకీ సంబంధమే లేదు. పైపుకి ఏమైనా కాకపోయినా సింక్ జాలీ, స్టీల్ కప్లింగ్ మాత్రం తినేస్తుంది. జిడ్డు మీద పనిచేసేది కాస్టిక్ సోడా, దుకాణాల్లో డ్రెయిన్ పౌడర్ అని అమ్మేది చాలావరకు అదే, నూనెని సబ్బుగా మారుస్తుంది. కొంచెం కొంచెంగా నీళ్ళు పోతున్న దశలో అది కొంతవరకు పని చేస్తుంది, పూర్తిగా ఆగిపోయాక పోస్తే కిందకి పోవడానికి దారి లేక అక్కడే గడ్డకట్టి కూర్చుంటుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే పౌడర్ పోసిన సంగతి చెప్పకుండా ప్లంబర్‌ని పిలవడం, ఆయన ట్రాప్ విప్పితే ఆ కాస్టిక్ నీళ్ళు ముఖాన పడతాయి, స్ప్రింగ్ తిరుగుతుంటే నాలుగు వైపులా చిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. కాబట్టి ఏదైనా పోసి ఉంటే ఆయన చెయ్యి పెట్టకముందే చెప్పండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకదాని తర్వాత ఒకటి అస్సలు పోయొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది మామూలు విషయం కాదు. మరిగే నీళ్ళు పోయమని కూడా చాలామంది చెప్తారు, పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, చెయ్యి పెట్టగలిగేంత వేడి చాలు.

గాలి కొట్టే గన్ ఒకటి తెస్తారు కొందరు, ఢమ్మని ఒక్క దెబ్బ. ఇండిపెండెంట్ ఇంట్లో సరేగానీ అపార్ట్‌మెంట్‌లో నాకు నచ్చదు, మీ జామ్ కదిలి పక్కింటివాళ్ళ జాలీలోంచి లేచిన సందర్భం చూశాను, ఆవిడ అప్పుడే పూజకి ముగ్గేసుకుంది పాపం.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఛాంబర్ లోతుగా ఉంటే "ఒక మనిషిని దింపుతాం సార్, అయిదు నిమిషాల పని, మిషన్ ఖర్చు దండగ" అనేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. ఒప్పుకోవద్దు. మ్యాన్‌హోల్‌లోకీ సెప్టిక్ ట్యాంక్‌లోకీ రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం, దింపిన కాంట్రాక్టరే కాదు దింపించిన మనమూ జైలుకి పోవాల్సి రావచ్చు. చట్టం పక్కన పెట్టినా లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, ఎక్కువైతే ముక్కుకి వాసన కూడా తెలియదు, మనిషి కుప్పకూలుతాడు, కాపాడ్డానికి దిగిన రెండోవాడూ పోతాడు. పేపర్లో ప్రతి ఏడాదీ చదువుతున్నాం కదా. గల్లీ ఇరుకు, పెద్ద బండి రాదు అనే సాకు కూడా చెల్లదు, చిన్న వీధుల్లో దూరే మినీ జెట్టింగ్ మిషన్లు హైదరాబాద్‌లో 2017 నుంచే తిరుగుతున్నాయి.

మీ కేసులో నేనైతే ఇలా చేయిస్తా: ముందు సింక్ కింద మడతల పైపు మార్పించి, మీ లైన్‌కి చిన్న స్ప్రింగ్ వేయిస్తా, ఆ 1,200 నా జేబులోంచి. జెట్టింగ్ 5,500 మాత్రం మీరొక్కరే ఎందుకు పెట్టుకోవాలి? సింక్ నుంచి డక్ట్ దాకా మీది, డక్ట్ పైపు, కింద బెండ్, ఛాంబర్ అందరివీ, పై నుంచి కిందదాకా అందరి నూనే దాంట్లో ఉంది. మా దగ్గర అది మెయింటెనెన్స్ ఫండ్‌లోంచే ఇస్తాం, ఫండ్ లేకపోతే ఆ డక్ట్‌కి కలిసిన ఫ్లాట్లన్నీ సమానంగా వేసుకుంటాయి. పై అంతస్తు వాళ్ళు "మాకేం ప్రాబ్లం లేదు కదా" అంటారు, అనుకుని ఉండండి. ఛాంబర్ మూత తీసినప్పుడు ఒక ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టండి, కొటేషన్ దాని కింద పెట్టండి. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళని కూడా ఒక మాట రాయమనండి, నురగ వచ్చేది వాళ్ళ ఇంట్లోనే కాబట్టి వాళ్ళు గట్టిగానే రాస్తారు.