చదివినది వారానికే మరుపు: మీ ప్రశ్నకు సమాధానం

నమస్కారం. హనుమకొండలో ఇంటర్ చదువుతున్న మీ అమ్మాయి జీవశాస్త్రం పాఠాన్ని ఎన్నిసార్లు చదివినా వారానికల్లా మరచిపోతున్నదని రాశారు. లోపం ఆమె జ్ఞాపకశక్తిలో కాదు, చదివే పద్ధతిలో ఉన్నదని నా అభిప్రాయం. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్షించినప్పుడు మళ్లీ మళ్లీ చదివినవారే మెరుగ్గా రాయగా, వారం గడిచాక మాత్రం పాఠాన్ని చూడకుండా గుర్తు తెచ్చుకొని రాసినవారికే ఎక్కువ జ్ఞాపకమున్నది. వరంగల్‌లోని కొత్తవాడలో జంపఖానాల నేతను ఎవరూ కేవలం చూస్తూ నేర్చుకోలేదు గదా! కనుక పాఠాన్ని ఒకసారి శ్రద్ధగా చదివాక పుస్తకం మూయించి, గుండె బొమ్మను తెల్ల కాగితంపై గీయించి, భాగాల పేర్లు రాయించి, తప్పినవాటినే పుస్తకంలో చూసుకోమనండి. మరునాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు మరోసారి అదే చేయించండి. మొదట్లో తప్పులు ఎక్కువే వస్తాయి. వాటికి మార్కులు వేయకండి.