రక్తం చిక్కబడితే నాళాలు పూడుకుపోతాయా?

ప్రశ్న: నా వయసు 52. షుగర్ ఉంది, సిగరెట్లు తాగుతాను. హిమోగ్లోబిన్ 17.8, హెమటోక్రిట్ 54 శాతం వచ్చాయి. మెడ రక్తనాళంలో కొద్దిగా పూడిక ఉందన్నారు. రక్తం చిక్కబడటమే కారణమా? రక్తదానం చేస్తే తగ్గుతుందా?

సలహా: పూడికకు మూలం నాళం గోడలోకి చేరే చెడు కొలెస్ట్రాల్. అలాగని ఎర్ర రక్తకణాలకు సంబంధం లేదనలేం. రక్తంలో వీటి వాటాయే హెమటోక్రిట్. మగవారిలో సుమారు 40-50 శాతం ఉంటుంది. ఎర్రకణాలు నాళం మధ్యలో గుంపుగా సాగుతూ ప్లేట్‌లెట్లను గోడ వైపు నెడతాయి. ఎర్రకణాల సంఖ్య పెరిగినకొద్దీ ఈ నెట్టుడూ పెరుగుతుంది. పూడిక పైపొర చిట్లిందంటే గడ్డ కట్టటానికి ప్లేట్‌లెట్లు అక్కడే సిద్ధంగా ఉంటాయి.

అసలు చిక్కు పూడిక లోపల ఉంది. అది పెరుగుతుంటే అందులో సన్నటి, బలహీనమైన నాళాలు పుట్టుకొస్తాయి. ఇవి చిట్లితే రక్తం పూడికలోకే కారుతుంది. ఎర్రకణం పైపొరలో కొలెస్ట్రాల్ దండిగా ఉంటుంది. కణం పగిలాక అదంతా అక్కడే పేరుకుంటుంది, హిమోగ్లోబిన్‌లోని ఇనుము వాపును ఎగదోస్తుంది. పూడిక మెత్తబడి పగిలే స్థితికి వస్తుంది. చిన్న పూడికే కదా అని తేలిగ్గా తీసుకోవద్దనేది అందుకే.

ముందు నీళ్లు బాగా తాగుతూ, ఒకట్రెండు వారాలాగి సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) మళ్లీ చేయించండి. ఒంట్లో నీరు తగ్గినా అంకె ఎక్కువే చూపిస్తుంది. మీ విషయంలో సిగరెట్ మీదే నాకు ఎక్కువ అనుమానం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటే, ఆక్సిజన్ చాలక శరీరం మరిన్ని ఎర్రకణాలు తయారుచేస్తుంది. గురకతో నిద్రలో ఊపిరి ఆగటం, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు కూడా కారణం కావచ్చు. డపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు హెమటోక్రిట్‌ను కొద్దిగా పెంచుతాయి, కానీ సొంతంగా మానొద్దు. హెమటోక్రిట్ మళ్లీ 49 దాటితే ఎరిత్రోపాయిటిన్ (ఎర్రకణాల తయారీని పెంచే హార్మోన్), జాక్2 (జన్యు మార్పు) పరీక్షలు అవసరం. పాలిసైథీమియా వెరా (ఎముక మజ్జ అతిగా ఎర్రకణాలు తయారుచేసే జబ్బు) అని తేలితే రక్తం తీసి హెమటోక్రిట్‌ను 45 లోపు ఉంచుతారు.

రక్తదానంతో పూడిక కరగదు. ‘రక్తం పల్చన చేసే మాత్ర’ అంటారు గానీ, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను అంటుకోకుండా చూస్తుందంతే. ఎర్రకణాలు ఒక్కటీ తగ్గవు. దాన్ని డాక్టర్ చెబితేనే వాడండి. పూడికకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, బీపీ, షుగర్ అదుపు, పొగ మానటమే వైద్యం. మూతి వంకరపోవటం, చేయి చచ్చుబడటం, మాట తడబడటం కనిపిస్తే, పది నిమిషాల్లో తగ్గిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.